సారపప్పుకు ఉప్పు, డోక్రాకు రీల్

‘ఓ పీస్ పంపండి, ప్రచారం చేస్తాం’ అని వచ్చే సందేశాలకు బస్తర్ సరుకు అమ్ముకునే చిన్న ఫ్యాషన్ బ్రాండ్లు ఏమని జవాబివ్వాలి? ముందు కూలి లెక్క తేలితే గానీ ఆ జవాబు దొరకదు.

సందేశం దాదాపు ఒకే తీరులో ఉంటుంది. మొదట పొగడ్త, తర్వాత ఫాలోవర్ల సంఖ్య, ఆఖర్న అసలు సంగతి. మీ కలెక్షన్ అద్భుతం, మా పేజీని 40 వేల మంది చూస్తారు, రెండు పీసులు పంపితే మంచి రీల్ చేసి పెడతాం. డబ్బు మాట ఎక్కడా ఉండదు. ఈ పద్ధతికి సోషల్ మీడియా మార్కెటింగ్‌లో ‘బార్టర్ కొలాబ్’ అని పేరు. అచ్చ తెలుగులో చెప్పాలంటే వస్తుమార్పిడి. దేశంలో ఏ మూల ఉన్నా, ఇన్‌స్టాగ్రామ్‌లో బట్టలో నగలో అమ్ముకునే చిన్న బ్రాండ్లకు ఇది రోజువారీ తంతుగా మారిపోయింది.

బస్తర్‌కు మాత్రం వస్తుమార్పిడి కొత్త కాదు. ఆదివాసులు అడవిలో ఏరి తెచ్చిన సారపప్పుకు సరితూకంగా ఉప్పు కొలిచి ఇచ్చి వర్తకులు లాభాలు దండుకున్న సంతలు ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్రలో ఓ చేదు అధ్యాయం. పైకి చూస్తే ఆ బేరం ఇద్దరి సమ్మతితోనే జరిగేది. కానీ పట్నంలో సారపప్పు ఎంత పలుకుతుందో ఒకరికి తెలుసు, రెండో వారికి తెలియదు. ఇప్పుడు తక్కెడలో ఓ వైపు డోక్రా హారం, మరో వైపు 30 సెకన్ల రీల్ ఉన్నాయి. రీల్ విలువ ఇంత అని చెప్పే తూకంరాళ్లు అడిగేవారి చేతిలోనే ఉన్నాయి.

కెమెరాల దారి

కేంద్ర ప్రభుత్వం 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించింది. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ భారత్‌లో అడుగుపెట్టాయి. అప్పటి నుంచి ఫోన్ కెమెరాలు కొత్త దృశ్యాల కోసం కొత్త ఊళ్లు వెతకడం మొదలెట్టాయి. దశాబ్దాల పాటు మందుపాతర్లు, ఎదురుకాల్పుల వార్తలతోనే పతాక శీర్షికలకెక్కిన బస్తర్ ఈ దారిలో సహజంగానే కనిపించింది. చిత్రకోట్, తీరథ్‌గఢ్ జలపాతాలు, 75 రోజుల పాటు సాగే బస్తర్ దసరా వీడియోలకు కావలసినంత సరుకు. కాంగేర్ లోయ ఒడిలోని ధూడ్‌మరాస్ గ్రామం 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ చేపట్టిన ఉత్తమ గ్రామాల కార్యక్రమానికి ఎంపికైంది. కాంగేర్ లోయ జాతీయ పార్కు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.

జలపాతాల వెంటే చేతివృత్తులూ తెరకెక్కాయి. కొండగావ్ పరిసరాల్లో గఢ్వాలు పోత పోసే డోక్రా నగలు, పనికా నేతగాళ్ల ఎర్రంచు బట్టలు, సాలవనాల్లో దొరికే రైలీ కాయల నుంచి తీసే కోసా పట్టు, పచ్చబొట్ల నుంచి చీరల మీదికి దిగిన గోదనా బొమ్మలు నగరాల్లో ‘హ్యాండ్‌మేడ్’ ఫ్యాషన్‌గా చెలామణీ అవుతున్నాయి. కోసా అంటే తెలుగువారు దసలి పట్టు అని పిలుచుకునేదే. బస్తర్ డోక్రాకు, ఇనుప కళకు, కొయ్య కళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

వీటిని అమ్మే బ్రాండ్లలో చాలావాటికి షోరూము ఉండదు. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఓ ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఓ వాట్సాప్ నెంబరు, కళాకారుల కుటుంబాలతో నోటిమాట ఒప్పందం. అంతే వారి ఆస్తి. స్వయం సహాయక బృందాలు నడిపేవి మరికొన్ని. దంతేవాడ జిల్లా గీదం సమీపంలోని హారం గ్రామంలో 2021 జనవరి 31న అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ప్రారంభించిన నవా దంతేవాడ గార్మెంట్ ఫ్యాక్టరీ ఈ రెండో కోవకు ఉదాహరణ. జిల్లా యంత్రాంగం చొరవతో స్థానిక మహిళలు కుట్టుమిషన్ల ముందు కూర్చున్నారు. వారు కుట్టిన దుస్తులు ‘డ్యానెక్స్’ పేరుతో మార్కెట్లోకి వెళ్లాయి. ‘దంతేవాడ నెక్స్ట్’ అన్నమాటకు అది కుదించిన రూపం.

పెద్ద కంపెనీకి ఉచితంగా వెళ్లే చొక్కా ప్రకటనల బడ్జెట్లో ఓ చిన్న పద్దు. పది మంది మహిళలు కలిసి కుట్టుకునే చోట అదే చొక్కా ఎవరి పద్దులోంచి వెళ్లాలన్నది పెద్ద ప్రశ్న.

అచ్చు పగిలితేనే నగ

ఈ ప్రశ్న ఎందుకంత బరువైనదో తెలియాలంటే డోక్రా పీస్ ఎలా తయారవుతుందో చూడాలి. ముందు మట్టితో లోపలి ఆకారం చేసి ఆరబెడతారు. తేనెమైనాన్ని సన్నని తీగల్లా సాగదీసి ఆ మట్టి మీద వరసగా చుడతారు. పువ్వులు, చుక్కలు, జడ అల్లికలు అన్నీ ఆ మైనపు తీగతోనే. దానిపై మళ్లీ మెత్తటి మట్టి పూతలు వేస్తారు. కొలిమిలో కాల్చినప్పుడు మైనం కరిగి, అది ఉన్న చోట ఖాళీ ఏర్పడుతుంది. అందులోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి అచ్చును పగలగొడితే నగ బయటపడుతుంది. తర్వాత ఆకురాయి పని, మెరుగు.

అచ్చు ఒక్కసారే పనికొస్తుంది. రెండో నగకు మళ్లీ మొదటి నుంచి మట్టి పిసకాల్సిందే. పోతలో ఎక్కడైనా గాలి చిక్కినా, ఇత్తడి మధ్యలో ఆగినా రోజుల శ్రమ వృథా. ‘మీ దగ్గర బోలెడన్ని ఉంటాయి కదా, ఒకటి పంపండి’ అనే మాట ఇక్కడ చెల్లదు. ఫ్యాక్టరీలో వెయ్యి పీసులకు వెయ్యిన్నొకటోది కలిస్తే ఖర్చు పెద్దగా పెరగదు. డోక్రాలో మొదటి పీస్‌కు ఎంత పనో, నూరో పీస్‌కూ అంతే పని.

బట్ట సంగతీ ఇంతే. జగదల్‌పూర్ నుంచి ఒడిశా సరిహద్దు దాటగానే వచ్చే కోట్‌పాడ్‌లోనూ, ఇటు బస్తర్‌లోనూ పనికా నేతగాళ్లు ఆల్ చెట్టు వేరు బెరడుతో నూలుకు ఎరుపు అద్దుతారు. తెలుగు పల్లెల్లో తొగరు అని పిలిచే చెట్ల కుటుంబమే ఇది. నూలును ఆముదం, కట్టెల బూడిద, ఆవుపేడతో పదే పదే నానబెట్టి, ఆరబెట్టి రంగుకు సిద్ధం చేయడానికే వారాలు పడుతుంది. మగ్గం ఎక్కేది ఆ తర్వాతే. కోట్‌పాడ్ చేనేతకు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతటి పేరున్నా ఈ రంగు పనికి దగ్గరి దారి ఏదీ లేదు.

రెండు అమ్మితే ఒకటి పూడుతుంది

ఓ ఊహాత్మక లెక్క వేసి చూద్దాం. బ్రాండు ఓ డోక్రా హారాన్ని 1,500 రూపాయలకు అమ్ముతుందనుకుందాం. అందులో లోహం, మైనం, బొగ్గు, కళాకారుడి కూలి కలిపి 700. ప్యాకింగ్, కొరియర్ 100. ఆన్‌లైన్ చెల్లింపు రుసుములు, పన్ను, ఫొటోలు, అద్దె వగైరా 300. మిగిలేది 400. ఇలాంటి హారం ఒకటి ఉచితంగా పంపితే చేతి నుంచి పోయేది సరుకు, కొరియర్ కలిపి 800. ఆ గుంట పూడాలంటే రెండు హారాలు అదనంగా అమ్ముడుపోవాలి. నెలకు పది మందికి ‘సరే’ అంటే 20 హారాల మిగులు ఆవిరైపోతుంది. చాలా చిన్న బ్రాండ్లకు అది నెల గడవడానికీ గడవకపోవడానికీ మధ్య తేడా.

ఇక రీల్ చూసి జనం కొంటారన్న భరోసా ఎంత? 2019లో అమెరికాకు చెందిన ఓ ఇన్‌స్టాగ్రామ్ సెలబ్రిటీ సొంత దుస్తుల బ్రాండు మొదలెట్టింది. ఆమె ఫాలోవర్లు 26 లక్షల మంది. తయారీదారు పెట్టిన షరతు ప్రకారం కనీసం 36 టీషర్టులు అమ్ముడుపోవాలి. ఆ 36 కూడా అమ్మలేకపోయానని ఆమే బహిరంగంగా చెప్పుకుంది. చూసేవారు వేరు, కొనేవారు వేరు అన్న పాఠం మార్కెటింగ్ ప్రపంచానికి అప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించింది. అదే ఏడాది లాస్‌ఏంజెలిస్‌లో బండి మీద ఐస్‌క్రీం అమ్మే జో నిచ్చీ, ఉచితంగా పెట్టమని అడిగేవారితో విసిగిపోయి ‘ఇన్‌ఫ్లుయెన్సర్లకు రేటు రెట్టింపు’ అని బోర్డు తగిలించాడు. నాలుగు డాలర్ల ఐస్‌క్రీం వారికి ఎనిమిది డాలర్లు. ఆ బోర్డు ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఏ రీల్ అవసరం లేకుండానే అతనికి బోలెడంత ప్రచారం దొరికింది.

బస్తర్ సరుకుకు మరో చిక్కుంది. రీల్ నిజంగానే పేలి, వారం తిరక్కుండా 500 ఆర్డర్లు వచ్చాయనుకుందాం. పోత పోసే కుటుంబం ఆ వారంలో 500 హారాలు చేయలేదు. ఆర్డర్లు ఆగుతాయి, ఆలస్యం మీద చిరాకు కామెంట్లు మొదలవుతాయి. ఆ ఖాళీలోకి డోక్రాను పోలిన మెషీన్ పోత నగలు చవగ్గా దూరిపోతాయి. భౌగోళిక గుర్తింపు ‘బస్తర్ డోక్రా’ అన్న పేరును కాపాడుతుంది. పేరు వాడకుండా పోలిక మాత్రం ఎత్తుకెళ్లే సరుకును ఆపడం దానివల్ల కష్టం. అంటే ఉచితంగా ఇచ్చిన నగ ఒక్కోసారి నకిలీకి ప్రచారం చేసిపెట్టొచ్చు.

చట్టం దృష్టిలో ఉచితం లేదు

ఇచ్చిపుచ్చుకునేవారు ఉచితం అనుకున్నా, చట్టం అలా అనుకోదు. ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ 2021లో తెచ్చిన మార్గదర్శకాలు డబ్బుతో పాటు ఉచిత వస్తువులనూ ప్రతిఫలంగానే లెక్కించాయి. అలాంటి పోస్టు మీద అది ప్రకటన అని తెలిసేలా ముద్ర వేయాలన్నాయి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో విడుదల చేసిన సూచనలూ అదే చెప్పాయి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకూ, మళ్లీ చేస్తే 50 లక్షల వరకూ జరిమానా పడొచ్చు. ఈ బాధ్యత ప్రచారం చేసినవారితో పాటు సరుకు ఇచ్చినవారికీ వర్తిస్తుంది.

పన్నుల సంగతి మరోటి. జీఎస్టీ చట్టం ప్రకారం బహుమతిగానో ఉచిత శాంపిల్‌గానో ఇచ్చిన సరుకు మీద ముడిసరుకుకు కట్టిన పన్నును వెనక్కి రాబట్టుకోవడం కుదరదు. ఆదాయపు పన్నులో 2022 జూలై 1న అమల్లోకి వచ్చిన 194ఆర్ సెక్షన్, వ్యాపారంలో భాగంగా ఒకరికి ఏడాదిలో 20,000 రూపాయలకు మించి వస్తు రూపంలో లాభం చేకూరిస్తే 10 శాతం టీడీఎస్ కట్టాలంది. కోటి రూపాయల లోపు టర్నోవరున్న సొంత వ్యాపారులకు ఆ బెడద తప్పించినా, దాని వెంట ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన వివరణ అందరికీ పనికొచ్చేదే. ప్రచారం కోసం ఇచ్చిన వస్తువును ఇన్‌ఫ్లుయెన్సర్ తన దగ్గరే ఉంచుకుంటే అది లాభం. వాడి తిరిగి ఇచ్చేస్తే లాభం కాదు.

కాదనడం ఎలా?

ఆ ‘తిరిగి ఇవ్వడం’ అన్న మాటలోనే చిన్న బ్రాండ్లకు ఓ దారి ఉంది. సినిమా, మ్యాగజైన్ ఫొటోషూట్ల స్టైలిస్టులు దుస్తులను, నగలను అరువు తెచ్చి, పని కాగానే వెనక్కి పంపడం ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. అదే నియమం రీల్స్‌కూ పెట్టొచ్చు. రానుపోను కొరియర్ ఎవరిదో, పీస్ పాడైతే ఎవరు భరించాలో ముందే రాసుకుంటే సరి. నిజంగా వీడియో కోసమే అడిగినవారు దీనికి ఒప్పుకుంటారు. నగ కోసం అడిగినవారు మాయమవుతారు.

రెండో దారి కమీషన్. ఇన్‌ఫ్లుయెన్సర్‌కు ఓ కోడ్ ఇచ్చి, ఆ కోడ్‌తో అమ్ముడైన ప్రతి పీస్ మీద వాటా ఇవ్వడం. మాటకు తగ్గ అమ్మకం ఉంటే ఇద్దరికీ లాభమే. లేకపోతే బ్రాండుకు పోయేదేమీ లేదు. మూడోది తయారీ ఖర్చుకే సరుకు ఇవ్వడం. ఇందులో లాభం వదులుకునేది బ్రాండు మాత్రమే, కళాకారుడి కూలి చెక్కుచెదరదు. నాలుగోది కోటా. ఏడాదికి ఇన్ని పీసులే బహుమతి అని ముందుగా నిర్ణయించి, వాటి కూలి కళాకారుడికి పూర్తిగా చెల్లించాకే పంపడం. కోటా అయిపోయిందన్న జవాబు ఎవరి మనసూ నొప్పించదు.

ఏ దారి ఎంచుకున్నా ఓ పేజీ ఒప్పందం ఉండటం మేలు. ఎన్ని పోస్టులు, ఏ తేదీలోపు, వీడియోను బ్రాండు వాడుకోవచ్చా లేదా, ప్రకటన అన్న ముద్ర ఉంటుందా అన్నవి అందులో తేలిపోవాలి. కళాకారుడి ఊరు, వృత్తి పేరు పోస్టులో చెప్పాలన్న షరతు పెడితే మరీ మంచిది. ‘ట్రైబల్ జ్యువెలరీ’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టే రీల్ వల్ల కొండగావ్‌కు ఒరిగేది తక్కువ. ఫాలోవర్ల సంఖ్య కన్నా కామెంట్లు చూడటం, ధర అడిగేవారు ఎంతమంది, వారు ఏ ఊరివారు అని ఆరా తీయడం మరో జాగ్రత్త. గతంలో సొంత డబ్బుతో కొన్నవారిలోనే పదిమంది చూసే పేజీ నడిపేవారుంటే, వారి ఒక్క ఫొటో కొత్తవారి రీల్ కన్నా ఎక్కువ నమ్మకం పుట్టిస్తుంది.

రెండు చేతుల కూలి

ఇంతా చెప్పాక ఇన్‌ఫ్లుయెన్సర్లందరినీ అప్పనంగా దోచుకునేవారిగా చూడటం న్యాయం కాదు. బస్తర్‌లోనూ హల్బీ, గోండీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ సంతలు, పండగలు, అడవి తిండి చూపించే యువత ఉంది. ఊరి కళను ఊరివాళ్లే చూపించినప్పుడు వచ్చే వివరం బయటి కెమెరాకు అందదు. వారి పనీ పనే. రీల్ 30 సెకన్లే అయినా చిత్రీకరణ, ఎడిటింగ్, మాటలు కలిపితే ఓ పూట గడిచిపోతుంది. ఆ పూట శ్రమకు చెవి కమ్మల జత ఇచ్చి పంపడం కూడా తక్కువ కూలే. కమ్మలతో ఫోన్ రీచార్జి కాదు, బస్సు టికెట్ రాదు.

నిజానికి బార్టర్ బేరంలో రెండు కూలీలు కనిపించకుండా పోతున్నాయి. మైనపు తీగ చుట్టిన చేతిది ఒకటి, వీడియో తీసిన చేతిది మరోటి. ఇద్దరూ ఒకరికొకరు ఉచితంగా పనిచేసుకుంటుంటే, ఆ వీడియో పక్కన ప్రకటనలు అమ్ముకునే వేదిక మాత్రం తన రాబడి తాను లెక్కపెట్టుకుంటోంది. సారపప్పు సంతలో ఉప్పు బస్తా వర్తకుడి చోటు ఇప్పుడు ఎవరిదో ఆలోచించాల్సిన విషయమే.

ఛత్తీస్‌గఢ్‌లో అతిథులకు డోక్రా బొమ్మను జ్ఞాపికగా ఇవ్వడం అధికార మర్యాద. పుచ్చుకునేవారికి అది ఉచితమే. అయితే దాని వెనక ఎవరో ఒకరు బిల్లు కట్టి తీరాలి. చిన్న బ్రాండ్లు కోరాల్సిందీ అంతే. బహుమతి ఇవ్వొచ్చు, ప్రచారం చేయించుకోవచ్చు, కానీ బిల్లు ఎవరి పేరున పడుతుందో ముందే తెలియాలి.

ఈ ముచ్చట బస్తర్‌తో ఆగేది కాదు. అదే మైనం, అదే ఇత్తడి విద్యతో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగావ్, కెస్లాగూడల్లో ఓజ కుటుంబాలు పోత పోస్తున్నాయి. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నగలూ ఇప్పుడు ఫోన్ తెరల మీదికి వస్తున్నాయి. రేపు వారికీ ఆ సందేశమే వస్తుంది. మొదట పొగడ్త, తర్వాత ఫాలోవర్ల సంఖ్య. జవాబు రాసే ముందు ఓజ కుటుంబం వేసుకోవాల్సిన లెక్క చిన్నదే: ఈ పీస్‌కు ఎన్ని రోజులు పట్టింది, ఆ రోజుల కూలి ఎవరిస్తారు?